నాలుగో పట్టెకు విత్తనం

ఆశ్వయుజ బహుళ తదియ

ఎండ బాగా కాసింది. గాలి పడమటి నుంచి, తేలిక. కల్లానికి వచ్చినవి: బోద గడ్డి కంకులు పదకొండు సంచులు, వెంపలి కాయలు నాలుగు, తంగేడు కాయలు రెండు. తంగేడు ఇంకా పచ్చిగానే ఉంది. కోసిన కాయ తిరిగి కొమ్మకు అతుక్కోదు కాబట్టి ఈ రెండు సంచుల్నీ తీసుకున్నాను. రేపటి నుంచి కాయను చెవి దగ్గర ఆడించి, లోపల గింజ గలగలమంటేనే కోయాలని చెప్పాను.

తూర్పు జట్టు సంచులు మరీ నిండుగా ఉన్నాయి. జట్టు పెద్ద గంగులప్పను పిలిచాను.

"నేలకు ఎంత విడిచినారు?"

"విడిచినాం టీచరమ్మా."

"ఎంత?"

"మూడిట్లో ఒకటి ఉంటాది."

"ఉంటాదా, ఉందా?"

తల గోక్కున్నాడు. మధ్యాహ్నం అతన్ని వెంటబెట్టుకుని తల్లికొండ ఎక్కాను. వాళ్లు కోసిన చోట వంద కాడలు లెక్కపెట్టాను. కంకి మిగిలినవి పంతొమ్మిది. ముప్పై మూడు ఉండాలి. ఆ వాలు మీద ఈ ఏడు ఇక ఎవరూ కత్తి పెట్టకూడదని రాళ్లు పేర్చి హద్దు కట్టాం. రాళ్లు గంగులప్ప చేతనే మోయించాను.

సన్నగండి లోయలో గింజ కోసే పద్ధతి ఒక్కటే. మూడు కంకుల్లో రెండు కోయాలి, ఒకటి విడవాలి. విడిచింది చీమలకూ పిట్టలకూ పోగా మిగిలినదే వచ్చే ఏటి గడ్డి. నాకంటే ముందు ఈ పని చూసినాయన చిన్నకొండను పూర్తిగా దులిపేశాడు. ఆ ఏడు ఇరవై సంచులు ఎక్కువ వచ్చాయని అందరూ మెచ్చుకున్నారట. చిన్నకొండ మీద ఇప్పుడు కోయడానికి ఏమీ లేదు.

ఆశ్వయుజ బహుళ షష్ఠి

పొద్దుటి నుంచి వెంపలి కాయలు తొక్కించాం. ఎండిన కాయ మెలితిరిగి విడిపోతుంది, తొక్కితే గింజ పూర్తిగా రాలుతుంది. మూడు జల్లెళ్లు పట్టాలి. పెద్ద కన్నుల జల్లెడలో పొట్టు ఆగుతుంది, నడిమి దానిలో గింజ ఆగుతుంది, సన్నదానిలోంచి దుమ్ము పోతుంది. ఆ తర్వాత చాట. చాట పని ఖాజాబీది. నాకంటే నాలుగేళ్లు చిన్నది, మా పక్కిల్లే. ఆమె చాట ఎత్తితే తాలు గింజ ముందుకు పోతుంది, గట్టి గింజ ఒడి వైపు వస్తుంది. నేను ఎత్తితే రెండూ కలిసి నేలన పడతాయి.

"నువ్వు తూకం కాడ కూసో అక్కా," అంది. "చాటకు లెక్కలు రావు."

"తాలులో గట్టి గింజ పోతోందేమో చూడు."

"చూడు, నువ్వే చూడు. ఒక్కటి దొరికితే ఈ పొద్దు కూడు మానేస్తా."

తాలు కుప్పలోంచి గుప్పెడు తీసి పరిచాను. వెతికి వెతికి రెండు గట్టి గింజలు చూపించాను.

"అవి నువ్వు తెచ్చి ఏసినవి," అంది ఖాజాబీ. మధ్యాహ్నం మూడు రొట్టెలు తింది.

సాయంత్రం మా అల్లుడు వన్నూరప్పతో నాలుగో పట్టె చూడటానికి వెళ్లాను. ఊరి సేద్యం అంతా అతని చేతిలో ఉంటుంది, కొండ పని కూడా చూస్తాడు. ఇళ్ల మీది కొండ వాలును పట్టెలుగా విడదీసి ఏడాదికొకటి చొప్పున గింజ చల్లుతున్నాం, ఈ ఏడు వంతు దీనిది. పట్టె తూర్పున వంక దగ్గర మొదలై పడమట గుండురాయి దాకా పోతుంది. నాలుగు వందల ఎనభై మీటర్లు. దాని కింద తొమ్మిది ఇళ్లు. వంక పక్కది మొదటిది, గుండు కిందది మాది. ఎనిమిదోది ఖాజాబీది.

కొండలు కాలిపోయిన ఏడు ఎగిరే యంత్రాలు చల్లిన జిగురు ఎండి బూడిదరంగు పొర అయింది. మేం దాన్ని తోలు అంటాం. ఇన్నేళ్లూ మట్టిని పట్టుకున్నది అదే. ఇప్పుడు ఎండకు పగిలింది. కిందటేడు పగులు వెడల్పు నా బొటనవేలంత. ఈ ఏడు అరచేయి దూరింది.

"పైకెక్కే కొద్దీ ఇంకా పెద్దవి ఉండాయి అత్తా," అన్నాడు వన్నూరప్ప.

"చెయ్యి పెట్టి చూశావా?"

"మోచేతి దాకా పోయింది."

వంతు వానలు మబ్బు పడవలు తెస్తాయి. ఎంత కురవాలో ఎప్పుడు ఆగాలో వాటికి చెప్పవచ్చు. జ్యేష్ఠంలో వచ్చే పెద్దవాన ఎవరి మాటా వినదు. పోయిన జ్యేష్ఠంలో పగిలిన తోలు కిందకి ఆ వాన దూరి, మూడో పట్టె చివర రెండు ఇళ్లు మట్టిలో కూరుకుపోయాయి. మనుషులు బయట ఉన్నారు కాబట్టి బతికారు. అప్పుడే ఊరంతా కూర్చుని తీర్మానం చేసుకుంది. గింజ చల్లకుండా మిగిలిన కొండ కింద జ్యేష్ఠం నాటికి ఎవరూ కాపురం ఉండకూడదు. ఉంటే ఇల్లు విప్పేయాలి.

పది మీటర్లకు కిలో గింజ. మొత్తం నలభై ఎనిమిది కిలోలు, శుభ్రం చేశాక. అంతకన్నా పలచగా చల్లితే వేళ్లు ఒకదాన్నొకటి అందుకోవు. రెండో పట్టెలో ముక్కాలు కిలో చొప్పున చల్లిన ముక్క మొదటి వర్షానికే జారింది. కోస్తా నుంచి తెప్పించిన గింజ మొలిచింది కానీ ఒక్క వేసవికి మాడిపోయింది. కాబట్టి తల్లికొండ గింజే కావాలి, అదీ ఇంత కావాలి. కొలతలో బేరం లేదు.

ఆశ్వయుజ బహుళ ఏకాదశి

శుభ్రం చేసి జాడీల్లో పోసింది: పదిహేను కిలోల ఆరు వందలు.

మధ్యాహ్నం బడి మీది మైకు గొట్టంలో వాన కచేరి వాళ్లు మాట్లాడారు. కార్తీక పౌర్ణమి మర్నాడు రావలసిన మా వంతు వాన శుద్ధ పంచమికి జరిపారట. ఆ తర్వాత పడవలను మరమ్మతుకు దించుతారు. పంచమినాడు వద్దంటే మళ్లీ సంక్రాంతి దాటాకే.

నా లెక్క పౌర్ణమి దాకా ఎండ ఉంటుందని. గడ్డిలో సగం ఇంకా పాల మీద ఉంది, గింజ గట్టిపడలేదు. తంగేడు పచ్చిది. ఇప్పుడు వాన పడితే పండిన గింజ రాలి కొట్టుకుపోతుంది, పండని కాయ బూజు పడుతుంది.

వంతు వద్దనడానికి మాకొక పద్ధతి ఉంది. వాన వద్దనుకున్న ఇల్లు గడప ముందు బిందె బోర్లిస్తుంది. కావాలనుకున్న ఇల్లు నిలబెడుతుంది. లోయలో ఒక్క బిందె నిలబడి ఉన్నా వాన రావలసిందే, ఎవరి నోరూ ఎండబెట్టకూడదని. నాలుగో పట్టె కింది ఇళ్లన్నిటికీ వెళ్లి చెప్పాను, ఆ తర్వాత మిగతా వీధులకు. ఎవరూ ఎదురు చెప్పలేదు. పొద్దు గూకే వేళకు అన్ని బిందెలూ బోర్లించి ఉన్నాయి.

ఇంటికి వచ్చాను. మా గడప ముందు బిందె నిలబడి ఉంది.

ఆశ్వయుజ బహుళ ద్వాదశి

నిన్న మిగతాది రాయడానికి మనసు ఒప్పలేదు. ఇవాళ రాస్తున్నాను.

బిందె ఎవరు పెట్టారని అడిగితే మా అమ్మాయి రేణుక పొయ్యి వైపు చూసింది. వన్నూరప్ప కంచం ముందు నుంచి లేవకుండానే చెప్పాడు.

"నేనే పెట్టినా అత్తా. కోపం చేసుకోవద్దు."

"నీ నెత్తి మీది కొండకే గింజ లేకుండా పోతోంది. తెలుసా?"

"తెలుసు. జొన్న పొట్టకొచ్చింది. ఇప్పుడు తడి లేకుంటే కంకి బయటికి రాదు. వచ్చినా గింజ పట్టదు."

"బావి నీళ్లు?"

"బావులు మూడు. చేను నూటాపది ఎకరాలు. నువ్వే భాగించి చూడు. భాగహారం నువ్వే కదా నేర్పించింది నాకు."

"నేర్పించాను. నువ్వు శేషం ఎప్పుడూ వదిలేసేవాడివి."

రేణుక నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. అన్నం తినకుండా పడుకున్నాను. కోపంతో తినకపోవడం మంచి పద్ధతి కాదు, తెలుసు.

పొద్దున్నే ఒక్కదాన్నే చేలోకి వెళ్లాను. నాలుగు చోట్ల జొన్న కాడ పొట్ట గోటితో చీల్చి చూశాను. లోపల కంకి తెల్లగా, తడి వత్తిలా చుట్టుకుని ఉంది. కింది ఆకులు నాలుగు చోట్లా కొనలు మాడాయి. ఈ చేను ఎండితే పుష్యం నుంచి చైత్రం దాకా నలభై మూడు ఇళ్లకు కూడు లేదు. నాలుగో పట్టె కింద తొమ్మిది ఇళ్లు. అల్లుడి లెక్క తప్పు కాదు.

తిరిగి వస్తూ వీధి వీధిన ఆగి, నేను చెప్పి బోర్లించిన బిందెలన్నీ నేనే చెప్పి నిలబెట్టించాను. ఒక ఇంట్లో అడిగారు, టీచరమ్మ మాట మీద ఉంటుందనుకున్నామే అని. తప్పు లెక్క మీద నిలబడను అని చెప్పాను.

వాన పంచమినాడు వస్తుంది. గింజ అంతకు ముందే కొండ దిగాలి.

ఆశ్వయుజ బహుళ త్రయోదశి

పద్ధతి మార్చాం. కంకి తుంచడం లేదు. కాడతో సహా మోకాటి ఎత్తున కోసి కట్ట కట్టడం. కాడలో మిగిలిన పసరును గింజ లాక్కుని నీడన పండుతుంది. కొండ మీద పండినంత గట్టిగా కాదు, పదిలో ఎనిమిది నిలుస్తాయి. ఈ పని ఎప్పుడూ చేయలేదు. చదివాను, చిన్న ఎత్తున రెండుసార్లు చేసి చూశాను.

కట్టలు కల్లం కొట్టంలో నిలబెట్టాలి. కట్టకూ కట్టకూ నడుమ మూరెడు సందు ఉండాలి, గాలి ఆడాలి. ఇది అందరికీ రెండుసార్లు చెప్పాను. అల్లుడు సేద్యం మనుషులు ఇరవై మందిని నా పనికి పంపాడు. అడగలేదు, తనే పంపాడు.

ఆశ్వయుజ అమావాస్య

దీపావళి. ఇళ్ల ముందు దీపాలు పెట్టారు. కల్లం వైపు నిప్పు తేవద్దని కావలి పెట్టాను. జాడీల్లో: పంతొమ్మిది కిలోల నాలుగు వందలు. కట్టల కోతకు ఇవాళ సెలవు ఇవ్వమన్నారు. ఒక పూట ఇచ్చాను.

కార్తీక శుద్ధ విదియ

మొన్న దీపాలు పెట్టే వేళకే తల్లికొండ ఎక్కాను, నిన్నంతా అక్కడి గుడిసెలోనే ఉన్నాను, కోసేవాళ్లతో. కట్టలు కిందికి పోతూనే ఉన్నాయి. నా అంచనాలో ఐదు వాటాల సరుకు, ఒక్కోటి శుభ్రం చేస్తే ఆరు కిలోల చొప్పున ముప్పై. జాడీల్లో ఉన్నదానితో కలిపితే నలభై తొమ్మిది దాటుతుంది. ఉదయం కొండ దిగేటప్పుడు మనసు తేలికగా ఉంది.

కొట్టంలో అడుగు పెట్టగానే వాసన తగిలింది. పులిసిన పిండి వాసన.

మూడు వాటాల కట్టలు నిలబెట్టే ఉన్నాయి. మొన్న సాయంత్రం దిగిన రెండు వాటాలు నిలబెట్టలేదు. వేరుశనగ వామి వేసినట్టు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన పరదా కప్పి, అంచులకు రాళ్లు పెట్టారు. శ్రద్ధగా చేశారు. ఒక్క మూల కూడా గాలి దూరదు.

పరదా తీసి వామి నడుమకు చెయ్యి దూర్చాను. పేడదిబ్బలో పెట్టినట్టు కాలింది. ఒక కంకి లాగి గింజ గోటితో చీల్చాను. తెల్లగా ఉండవలసిన మొలక మూలం గోధుమరంగుకు తిరిగింది. పై నుంచి కింది దాకా అలాగే చీల్చి చూశాను. మొదటి వామి పూర్తిగా పోయింది. రెండోదానిలో అంచులవి బతికున్నాయి, సగం.

వన్నూరప్పను పిలిపించాను. పరుగున వచ్చాడు.

"ఎవరు పేర్చింది?"

"నేనే చెప్పినా. మొన్న సందకాడ మంచు దిగింది. తడిసిపోతాయని..."

"మూరెడు సందు అని చెప్పాను."

"చెప్పినావు. చోటు చాలలేదు అత్తా. శనగకాయ వామి అట్లే కదా ఏస్తాము, ఏమీ కాదే అని..."

"శనగకాయ ఎండి వస్తుంది. ఇది పచ్చిది. పచ్చిది ఊపిరి తీసుకుంటుంది."

అతను వామిలో చెయ్యి పెట్టాడు. తీయలేదు, అలాగే ఉంచాడు. ఖాజాబీ వెళ్లి అతని భుజం పట్టి వెనక్కి లాగింది. "చెయ్యి కాలితే గింజ తిరిగి రాదు అబ్బీ. రా, కట్టలు విప్పుదాం."

చచ్చిన గింజ పక్కన పోశాం. బతికిన కట్టలు నిలబెట్టాం. తొమ్మిది కిలోల గింజ పోయింది.

కార్తీక శుద్ధ తదియ

వానకు ముందు మిగిలిన ఎండ రేపు సాయంత్రం దాకానే.

పొద్దున్నే అల్లుడు వచ్చి నా ఎదురుగా నేలన కూర్చున్నాడు. రేణుక తలుపుకు ఆనుకుని నిలబడింది. తక్కువ పడేది ఎంతో అతనికి తెలుసు. చల్లడం తూర్పున వంక దగ్గర మొదలవుతుంది, వాలు అక్కడే నిటారు కాబట్టి. ఇది వేసవిలోనే అందరూ ఒప్పుకున్నది. తక్కువ పడితే పడమట తక్కువ పడుతుంది. పడమటి కొసన మా ఇల్లు.

"అత్తా, తల్లికొండ మీద మూడో వంతు నిలబడే ఉండాది. నలభై మందిమి పోతే ఈ పొద్దే దిగుతాది. తొమ్మిది కిలోలు అదే వస్తాది."

"అది నేలది."

"ఈ ఒక్క ఏడు."

"చిన్నకొండ మీద ఆయన కూడా ఆ మాటే అన్నాడు."

"చిన్నకొండలో అంతా దులిపినాడు. మనము కొంచెమే..."

"నువ్వడిగేది మిగిలిన మొత్తం. వచ్చే ఏడు ఐదో పట్టె. దాని కింద పదకొండు ఇళ్లు. వాళ్లకు ఏం చల్లుతావు?"

తల వంచుకుని అన్నాడు, "నా తప్పుకు నా ఇల్లు పోతే పోనీ. ఆ గోడలు నావి కావు. అది ఎత్తింది."

రేణుకనే అన్నాడు. ఆ గోడలు రేణుక ఎత్తినవే. నాలుగేళ్లు పట్టింది. వంక నుంచి మట్టి తను మోసింది, తను తొక్కింది, వరస వరస తనే పెట్టింది. దక్షిణపు గోడలో చిన్న అర చేసి, నా కళ్లద్దాలు పెట్టుకోవడానికి నా చేతి ఎత్తు కొలిచి మరీ పెట్టింది. గోడలు విప్పి మోసుకుపోలేరు. తలుపులు, దూలాలు, పైకప్పు రేకులు వస్తాయి. మట్టి మట్టిలోనే ఉండిపోతుంది.

రేణుక నన్ను అడిగింది. "పలచగా చల్లితే అందదా అమ్మా? కిలో బదులు కొంచెం తగ్గించి?"

"అందుతుంది. తొమ్మిది ఇళ్ల మీదా నిలవదు."

"అట్లయితే నువ్వు చెప్పేది ఏంది?"

కొండ వైపు చూశాను. ఇక్కడి నుంచి మిగిలిన కంకులు కనిపిస్తాయి, ఎండకు ఎర్రగా. నలభై మంది ఒక్క పూట. నేను సరే అంటే ఊళ్లో ఎవరూ కాదనరు. మిగతా ఎనిమిది ఇళ్ల వాళ్లు కూడా కాదనరు, వాళ్లకు ముఖం చెల్లదు. గింజ అధికారం నాది. నేను కోయమంటే కోస్తారు.

"మూడో వంతు ముట్టుకోకూడదు," అన్నాను. "ఎంత ఉంటే అంత చల్లుదాం. ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతుంది."

"మన నెత్తి మీదే ఆగుతాది," అంది రేణుక.

"ఆగితే ఆగుతుంది."

"నువ్వు అమ్మవేనా?" అని లోపలికి పోయింది. గిన్నెలు కొంచెం గట్టిగా చప్పుడయ్యాయి. ఆ మాటను ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

కార్తీక శుద్ధ పంచమి

మబ్బు పడవలు మధ్యాహ్నం వచ్చాయి, ఆరు. పొట్టలు నల్లగా, గండి మీదుగా ఒకదాని వెనుక ఒకటి. మొదటి చినుకుకు ముందే కట్టలన్నీ లోపల ఉన్నాయి. కొట్టం చాలదు కాబట్టి ప్రతి ఇల్లూ ఒక గది ఖాళీ చేసింది. వడ్ల గాదె ఉన్న వాళ్లు గాదె పక్కకు జరిపారు, మంచాలు బయట పడేశారు. కట్టలు మనుషుల్లా గోడల వెంట నిలబడ్డాయి. మనుషులు పంచల్లో ముడుచుకుని కూర్చున్నారు. కిటికీలన్నీ తెరిచి పెట్టమన్నాను, చలికి ఎవరైనా మూస్తారని వీధి చివర దాకా తిరిగి చూశాను.

ఖాజాబీ ఇంటి పంచలో ఆమె, మనవరాళ్లు ఒకే దుప్పటి కింద ఉన్నారు.

"నా మంచం మీద గడ్డి పండుకునింది అక్కా. నా మొగుడికి కూడా అంత మెత్తటి పరుపు ఎయ్యలేదు."

"కిటికీ తెరిచే ఉందా?"

"తెరిచే ఉండాది తల్లీ. నీకు దండం పెడతా, పోయి తల తుడుచుకో."

చేను వైపు నుంచి వన్నూరప్ప తడిసి వచ్చాడు. కాళ్లకు బురద మోకాళ్ల దాకా. జొన్నకు చాలినంత పడిందని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. బాగా పడిందా, నేల ఎంత లోతు తడిసింది, అని అడిగాను. జానెడు, అన్నాడు. మంచిది, అన్నాను. మంచిదే కాబట్టి అన్నాను.

కార్తీక శుద్ధ దశమి

వాన వెలిసి ఎండ వచ్చింది. కట్టలు దులపడం, తొక్కడం, జల్లెడ, చాట. వెంపలి, తంగేడు గింజలు ముతక ఇసుకతో కలిపి రుద్దాం. లేకపోతే పై తొక్క నీళ్లను లోపలికి రానివ్వదు, ఏళ్ల తరబడి రాయిలా పడి ఉంటుంది. నీడన పండిన గడ్డి గింజ కొంచెం సన్నం. తాలు ఎక్కువ. ఖాజాబీ చాట పట్టిన చోట నుంచి లేవడం లేదు.

రేణుక రోజూ వస్తోంది. నాతో పనికి సంబంధించిన మాటలే మాట్లాడుతోంది. జల్లెడ అందించమ్మా, సంచి మూతి పట్టుకో అమ్మా. పని మాత్రం ఇద్దరి పని చేస్తోంది.

మగవాళ్లు పట్టె మీద తోలు ఒలవడం మొదలుపెట్టారు. మంచును నీళ్లుగా పట్టే వలల నుంచి గొట్టాలు వేశారు, ఒలిచిన మట్టి ఆరిపోకుండా.

కార్తీక శుద్ధ ద్వాదశి

తూకం అందరి ముందూ వేశాను. మూడుసార్లు వేశాను. నలభై ఒక్క కిలోల రెండు వందల యాభై.

వన్నూరప్ప మనసులో లెక్క కట్టుకున్నాడు. పెదాలు కదిలాయి. "నాలుగు వందల పన్నెండున్నర మీటర్లు," అన్నాడు.

"సరిగ్గా చెప్పావు," అన్నాను.

తాలు కుప్ప మరొకసారి చాట పట్టమని ఖాజాబీని ఎవరో అడిగారు. ఆమె కుప్ప మొత్తం మళ్లీ పట్టింది. సాయంత్రానికి నలభై గ్రాములు తెచ్చి నా చేతిలో పోసింది. అవి కూడా కలిపాను.

కార్తీక పౌర్ణమి

తెల్లవారగానే వంక దగ్గర మొదలుపెట్టాం. గింజను మూడింతల పొడి మట్టితో కలిపాం, చేతికి సమంగా రావడానికి. పది మీటర్లకు ఒక తాడు, తాడుకు ఒక సంచి. వరసగా నిలబడి, వాలుకు అడ్డంగా నడుస్తూ చల్లడం. వెనకాలే మరో వరస దంతెతో పైపైన గీసుకుంటూ రావడం. నేను తాడు తాడుకూ సున్నం గీత పెట్టుకుంటూ నడిచాను. మోకాళ్లు నొచ్చాయి. వాలు మీద నడవడానికి వన్నూరప్ప చెయ్యి అందించాడు, పట్టుకున్నాను.

మొదటి ఇల్లు దాటాం. నాలుగు, ఐదు. మధ్యలో ఎవరూ తొందరపడలేదు, ఎవరి చెయ్యీ పలచబడలేదు. ఏడో ఇంటి మీద చల్లుతుండగా నా పక్కన నడిచే పిల్ల ఒకతె పిడికిలి బిగించి గింజ దాచుకుంటోందని గమనించాను. చివరికి మిగిల్చి మా ఇంటి మీద చల్లాలని. పిడికిలి విప్పించి అక్కడే చల్లించాను. దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇక్కడ తగ్గితే ఇక్కడ జారుతుందని చెప్పాను.

ఖాజాబీ ఇంటి పైకప్పు దాటి రెండు మీటర్లు పోయాక ఆఖరి సంచి రేణుక చేతిలో ఉంది. అందరూ ఆగి నిలబడ్డారు. రేణుక గుప్పెడు గుప్పెడు చల్లుకుంటూ పోయింది. సంచిలో చెయ్యి పెట్టి తడిమింది. సంచి తిరగేసి, కుట్ల వెంట గోటితో గీకి, దులిపింది. దుమ్ము లేచి గాలిలో కలిసింది. ఆ చోట నేను సున్నం గీత గీశాను. గీతకు అవతల తోలు అలాగే ఉంది, బూడిదరంగుగా, పగుళ్లు నోళ్లు తెరుచుకుని. దాని కింద మా వంటింటి రేకులు.

ఖాజాబీ నా దగ్గరికి వచ్చింది.

"నీ గీత నా ఇల్లు దాటి పోయి ఆగింది అక్కా. నాకు నిద్ర పట్టదు."

"నిటారు వాలు నుంచి మొదలుపెట్టాం. నీ ఇల్లు ముందు వచ్చింది. అంతే."

"అంతే అంటావు. మా ఇంట్లో రెండు గదులు ఉండాయి. మీరు ముగ్గురు, మేము నలుగురు."

"గురక పెడతావు నువ్వు."

"పెడతా. చెవుల్లో గింజలు కుక్కుకో."

"అవి లెక్కలోవి," అన్నాను. ఖాజాబీ పైటతో కళ్లు ఒత్తుకుంటూ నవ్వింది.

కింది నుంచి సుత్తి చప్పుడు వినిపించింది. వన్నూరప్ప అప్పటికే ఇంటికి దిగిపోయాడు. గంగులప్ప, తూర్పు జట్టు వాళ్లు అతని వెనకాలే. వంక అవతలి మిట్ట మీద చోటు చూసి ఉంచారట, నాకు చెప్పలేదు. నీళ్ల గొట్టం అక్కడికి లేదు. వేస్తామన్నారు.

నేను దిగేసరికి రేణుక గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకు ఇంకా మట్టి. ఇల్లంతా ఒకసారి చూసింది. దక్షిణపు గోడ దగ్గరికి పోయి అరలో నుంచి నా కళ్లద్దాల పెట్టె తీసి నా చేతిలో పెట్టింది.

"మూడో వంతు కోసి ఉంటే ఈ పొద్దు నేను నీ కాళ్లకు మొక్కేదాన్ని," అంది. "వచ్చే ఏడు ఐదో పట్టె కింద వాళ్లకు ముఖం చూపించలేకపోయేదాన్ని."

పెట్టె బొడ్డున దోపుకున్నాను.

"తలుపులు ముందు తీద్దామా అమ్మా, పైకప్పు ముందా?"

"పైకప్పు," అన్నాను. "గోడ మీద బరువు ముందు దిగాలి."

వన్నూరప్ప నిచ్చెన తెచ్చి ఆనించాడు. రేణుక కొంగు దోపుకుని ఎక్కింది. నిచ్చెన నేను పట్టుకున్నాను.